తప్పు ఒక్కటీ లేని ఫోటోలు

బజారు వీధి మలుపులో, గడియారాల కొట్టు పై అంతస్తులో ఉన్న ఫోటో స్టూడియో యజమానురాలినైన నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, నిండు తెలివితో, ఒకరు బెదిరించగా గాని బుజ్జగించగా గాని కాక, నా కలంతో నేనే రాసుకుంటున్న ఆఖరి మాట ఇది. ఇంతకు ముందు ఏ కాగితం మీద ఏం రాసి ఉన్నా అది చెల్లదు.

నా బుద్ధి స్థిమితంగా ఉందనడానికి వకీలు గారు డాక్టరు సర్టిఫికెట్ అడిగారు. జత చేశాను. అంతకంటే గట్టి రుజువు నా దగ్గర ఉంది. పోయిన నెల గుండె డాక్టరు గారు నాకు ఎక్స్‌రే తీయించారు. యంత్రం పక్కన నిలబడ్డాయన "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అన్నాడు. జీవితమంతా నేను జనానికి చెప్పిన మాట నాకే చెప్పాడు. నేను కదల్లేదు. డాక్టరు గారు ఆ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని, గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ తట్టుకునే ఒళ్లు కాదని చెబుతున్నారు. నేను మాత్రం ఫిల్మునే చూస్తున్నాను. ఎడమ భుజం అంచు తెగిపోయింది, వెన్నెముక నిలువుగా లేదు. ఆ మాటే పైకి అన్నాను. డాక్టరు గారు మా ఆయన వైపు చూశారు. "ఆవిడంతేనండీ" అన్నారు మా ఆయన. ఇంకా ఎవరికైనా నా బుద్ధి మీద అనుమానం ఉంటే నేనుండగానే వచ్చి అడగాలి.

మాకు పిల్లలు లేరు. నా తర్వాత స్టూడియో ఎవరికి దక్కాలన్నది తేల్చుకోలేకనే ఈ కాగితం ఇంత ఆలస్యమైంది. ఒక పక్క నా శిష్యుడు, ఇంకో పక్క నా చెల్లెలు. శిష్యుడు నేను చెప్పిన రూలు ఒక్కటీ దాటలేదు. చెల్లెలు ఒక్కటీ పాటించలేదు. ఇంత చెప్పాక ఎవరికివ్వాలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. కాని నాకు నా చెల్లెలంటే అసూయ. ఈ వాక్యం కొట్టేయమని వకీలు గారు అన్నారు. నేను కొట్టేయలేదు.

మా నాన్న నన్ను కొలబద్ద అనేవాడు, చెల్లెల్ని తొందర అనేవాడు. వీధి వీధంతా ఇప్పటికీ మమ్మల్ని ఆ పేర్లతోనే పిలుస్తుంది, కనుక ఈ కాగితంలోనూ అవే చాలు. తొందర వృత్తికి దర్జీ. గుడ్డ మీద దాని కత్తెర వెంట్రుక వాసి కూడా పక్కకు పోదు. అదే చెయ్యి కెమెరా పట్టుకుంటే మనుషుల తలలు సగానికి కోసేస్తుంది. అలా కోసినవాటినే జనం ఇంటికి పట్టుకెళ్లి గోడలకు తగిలించుకుంటారు. ఈ వీధిలో అది ఫోటో తీయని మనిషి లేడు, నేను తప్ప. ఆ సంగతికి వస్తాను. ముందు ఆస్తి.

1. మేం ఉంటున్న ఇల్లు, అందులోని మంచం, బీరువా, గిన్నె చెంబుతో సహా సమస్తం, నేను ఇంకెవరినీ కూర్చోనివ్వని పేము కుర్చీతో కలిపి, నా తదనంతరం సర్వహక్కులతో మా ఆయనకు చెందుతాయి. ఇక మీద ఆయన ఆ కుర్చీలో కూర్చోవచ్చు. నేను స్టూడియోలో ఉన్నప్పుడు చాటుగా కూర్చుంటున్నారని నాకు ముందే తెలుసు. సీటు పల్లం పడిన చోటు నాది కాదు.

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఆయన పనిబల్ల మీద అద్దం పలక ఒకటి ఉంటుంది, దాని కింద ఒకే ఒక్క ఫోటో. కంటికి భూతద్దం బిగించుకుని, చేతిలో పట్టకారు అలాగే ఉండగా, నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా ఆయన. తీసింది తొందర. కొట్టు బయట నిలబడి గాజు తలుపులోంచి తీసింది. గాజు మీద వీధంతా పడింది. ఒక సైకిలు చక్రం ఆయన భుజం మీదుగా వెళ్తోంది. గాజు మీద నీడ పడనీయకూడదన్నది నేను ఎవరికైనా మొదటి రోజు చెప్పే పాఠం. కొట్టుకొచ్చిన ప్రతి మనిషీ ఆ ఫోటో చూసి నవ్వుతాడు. పెళ్లైన కొత్తలో నేను ఆయనకు కోటు తొడిగించి, క్రాపు దువ్వి, రెండు దీపాలు పెట్టి తీసిన ఫోటో ఒకటుంది. అది బీరువాలో బట్టల కింద ఉంది. "పాడైపోతుందని దాచానే" అంటారు. బావా మరదళ్లు వేళాకోళాలాడుకుంటే నాకేం బాధ లేదు, నేనూ నవ్వుతాను. ఆ అద్దం కింద చోటు దానికి దక్కిందనే నా ఏడుపు. ఇంటితో పాటు ఈ ఫిర్యాదును కూడా ఆయనకే దఖలు పరుస్తున్నాను.

2. పెద్ద చెక్క కెమెరా, దాని మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, దీపాలు, మేఘాలు రాసిన పరదా, ఏటవాలు అద్దం ఉన్న రీటచింగు బల్ల, దాని సొరుగులోని పెన్సిళ్లు నా శిష్యుడికి. నా దగ్గరే పని నేర్చుకుని, నా దగ్గరే తల నెరిసిన మనిషి. రీటచింగంటే తెలియని వారసుల కోసం రెండు ముక్కలు. మొహంలో ముడత ఉన్నచోట నెగటివు పల్చగా ఉంటుంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో అక్కడ పూడిస్తే ప్రింటులో ముడత మాయమవుతుంది. ఊపిరి కూడా మెల్లగా వదలాలి. ఈ పనిలో అతను నన్ను మించాడు. అతనంటే నాకు ఎప్పుడూ అసూయ కలగలేదు. ఎందుకు కలగలేదో ఏడో అంశంలో తెలుస్తుంది.

3. వెనక వీధి గుమాస్తాకు అతని నెగటివు నుంచి పెన్సిలు తగలకముందు తీసిన ప్రింటు ఒకటి ఇవ్వాలి. అతను గుర్తింపు కార్డు కోసం నా దగ్గర ఫోటో తీయించుకున్నాడు. అలవాటు కొద్దీ కుడి బుగ్గ మీద పుట్టుమచ్చను శుభ్రంగా పూడ్చేశాను. కార్డులో పుట్టుమచ్చల గడిలో రాసి ఉన్నది సరిగ్గా ఆ మచ్చే. ఆఫీసులో "మచ్చ ఏదయ్యా?" అన్నారట. బుగ్గ చూపించాడు. "నీకుంది సరే, ఫోటోకు లేదుగా" అని వెనక్కి పంపేశారు. మండిపడుతూ నా మెట్లు దిగుతున్న మనిషిని తొందర కింది నుంచి ఫోటో తీసింది. అదీ ఆఫీసుకు పట్టుకెళ్లాడు పాపం. అందులో మచ్చ ఉంది, చెవులు లేవు. అయినా ఇప్పుడు వాళ్లింటి గోడ మీద ఉన్నది ఆ చెవుల్లేని ఫోటోయే. వాళ్లావిడ నాతో నవ్వుతూ చెప్పింది, "మా ఆయన కోపం అచ్చం అలాగే ఉంటుందండీ" అని. నేనూ నవ్వాను. ఆవిడ కనుమరుగయ్యేదాకానే.

4. నాన్న రసమట్టం తొందరకు. రసమట్టం అంటే కెమెరా వాలిందో లేదో చూసుకునే చిన్న ఇత్తడి గొట్టం, మధ్యలో నీళ్ల బుడగ ఉంటుంది. నాన్న దాన్ని నాకిచ్చాడు. చిన్నప్పుడు తొందర ఆ బుడగతో ఆడుకుంటానని ఏడిస్తే నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. దానికి ఇది ఎందుకూ పనికిరాదు, ఆడుకోమనే ఇస్తున్నాను.

నాన్న గురించి కూడా ఇక్కడే రాయాలి. స్టూడియో పెట్టింది ఆయనే. వెలుతురు ఎటు నుంచి రావాలో, తల పైన ఎంత చోటు వదలాలో, చేతిని మణికట్టు దగ్గర ఎందుకు కోయకూడదో, కళ్లు మూసిన ఫోటో ఎందుకు చింపేయాలో మా ఇద్దరికీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పాడు. ఆయన మంచాన పడ్డాక ఒక ఉదయం నేను పెద్ద కెమెరా ఇంటికి తెప్పించాను. కిటికీకి ఎదురుగా తెల్ల దుప్పటి కట్టి వెలుతురు ఆయన మొహం మీదికి తిప్పాను. తల దువ్వాను, చొక్కా గుండీలు పెట్టాను, దిండ్లు సర్ది భుజాలు సమంగా నిలబెట్టాను. నా చేతి నుంచి అంత మంచి ఫోటో అంతకు ముందు రాలేదు. అంతా అయిపోయి నేను దుప్పటి విప్పుతుంటే తొందర తన బుల్లి కెమెరా వేసుకుని వచ్చింది. ఆ కెమెరాకు ఎక్కడో సందు ఉంది. ప్రతి ఫోటోలో మూలన తెల్లటి చార పడుతుంది. మా ఆయన ఎన్నోసార్లు బాగుచేస్తానన్నారు. "వద్దు బావా, ఆ వెలుతురు దానంతటదే వస్తోంది, రానీ" అంటుంది. నాన్న దాన్ని చూసి "పోవే" అని చెయ్యి విసిరాడు. అది అప్పుడే నొక్కింది. ప్రింటులో సగం మొహానికి అరచెయ్యి అడ్డం, చెయ్యంతా కదిలిపోయింది, వేళ్ల సందులోంచి ఒక్క కన్ను నవ్వుతోంది, మూలన తెల్లచార.

రెండు ఫోటోలూ నాన్న చేతిలో పెట్టాను. నాది చాలాసేపు చూశాడు. "తప్పు ఒక్కటీ లేదు" అన్నాడు. రెండోది చూసి తలగడ కింద పెట్టుకున్నాడు. పోయేవరకు అది అక్కడే ఉంది. రూళ్లు నేర్పినవాడు, అన్నీ పాటించినదానికి ఒక మాట ఇచ్చి, ఒక్కటీ పాటించనిదానికి తలగడ కింద చోటిచ్చాడు. కడుపు మండదా? మండింది. ఇప్పటికీ మండుతోంది. ఆ ఫోటో తొందర దగ్గరే ఉంది, దాన్ని నేను అడగడం లేదు.

5. ఫ్రేములు కట్టే ఆయన ఈ కాగితానికి సాక్షి. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఆస్తిలో వాటా రాకూడదని వకీలు గారు చెప్పారు. ఆయనకు ఏమైనా ఇద్దామని నేను అనుకోలేదు కూడా. నా ఫోటోలకు సన్న చట్రాలు, తొందర ఫోటోలకు నగిషీ చట్రాలు కట్టిన మనిషి.

6. ఉత్తరపు కిటికీ ఉన్న పై గది, ఎర్ర బల్బు చీకటి గది, మెట్ల దగ్గర దువ్వెన వేలాడదీసిన అద్దం, వీధి వైపు బోర్డు, వెరసి స్టూడియో మొత్తం నా శిష్యుడికి సర్వహక్కులతో చెందాలి.

7. ఆరో అంశం రద్దు.

ఆరో అంశం రాసిన మర్నాడు వకీలు గారు వీలునామాకు రాసేవాళ్ల ఫోటో కూడా జత చేయాలన్నారు. శిష్యుణ్ణి తీయమన్నాను. నేను కూర్చునే లోపే దీపాలు సర్దేశాడు. స్టూలు ఎత్తు మార్చాడు. నా చీర మడత ఒకటి వంకరగా ఉంటే మర్యాదగా చెప్పాడు. సాయంత్రానికి ప్రింటు తెచ్చి నా ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన భూతద్దం తెప్పించుకుని మరీ వెతికాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. ముక్కు నీడ ఉండవలసిన చోట ఉంది. కంటి కింద సంచులు పూడ్చేశాడు. ఏళ్ల తరబడి చీకటి గదిలో నిలబడి సంపాదించుకున్న సంచులవి. అక్కడ కూర్చున్నావిడ ఏ బ్యాంకు మేనేజరైనా కావచ్చు, ఎవరి అత్తగారైనా కావచ్చు. "ఎలా వచ్చిందమ్మగారూ?" అని అడిగాడు. "తప్పు ఒక్కటీ లేదు" అన్నాను. అతని మొహం వెలిగిపోయింది.

నా నోట ఆ మాట విన్నాక గాని నాన్న మాటకు అర్థం తెలియలేదు. ఆయన నన్ను మెచ్చుకోలేదు. అబద్ధమూ చెప్పలేదు. మంచి పిల్లను బాధపెట్టకుండా ఏం చెప్పాలో అదే చెప్పాడు.

అందరూ అనుకునేది ఒకటుంది, తొందరకు రూళ్లు తెలియవని. తెలియకపోతే నాకింత ఓర్వలేనితనం ఎందుకు? తెలియనివాళ్ల ఫోటోలు రోజూ నా దగ్గరికి కడగడానికి వస్తాయి, వాటిని చూసి నేను హాయిగా నిద్రపోతాను. తొందరకు అన్నీ తెలుసు. కళ్లు మూసుకుని అడిగినా గదిలో వెలుతురు ఎటు నుంచి వస్తోందో చెబుతుంది. చెయ్యి కదిలితే ఏమవుతుందో తెలుసు, నాన్న చెయ్యి విసురుతున్నాడని కూడా తెలుసు. ఆ క్షణంలో రూలును వదిలేసి నాన్నను పట్టుకుంది. నేనైతే "చెయ్యి దించు నాన్నా" అనేదాన్ని.

నేనూ ప్రయత్నించకపోలేదు. ఎవరూ రాని ఒక ఆదివారం కెమెరాను కావాలని పక్కకు వంచి, ఫోకసు కాస్త చెరిపి, ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్న ఆవిణ్ణి తీశాను. ప్రింటు చూసి మా ఆయన కంగారుగా "స్టాండు కాలు విరిగిందా?" అని అడిగారు. తప్పు చేయడానికి కూడా చెయ్యి తిరగాలి కాబోలు. నా చేతికి అది రాలేదు.

అందుచేత స్టూడియో మొత్తం, పైన చెప్పిన గదులు, అద్దం, బోర్డుతో సహా, నా చెల్లెలికి. దానికి ఇది అక్కర్లేదు. దాని కుట్టు మిషను పక్కన కెమెరా పెట్టుకోవడానికి ఒక మేకుంటే చాలు. అడగనివాళ్లకే అన్నీ వస్తాయి, ఏం చేస్తాం. షరతులు ఇవి. శిష్యుడు తన సామానుతో ఆ గదిలోనే పని చేసుకోవాలి, అతన్ని కదపకూడదు. గుర్తింపు కార్డుల ఫోటోలు తొందర తీయకూడదు, జనం ఆఫీసుల చుట్టూ తిరగలేరు. మెట్ల గోడ మీద నేను తీసిన ఫోటోలు అలాగే ఉండాలి. వాటి పక్కన తనవి తగిలించుకోవచ్చు. తగిలిస్తే అందరూ దానివే చూస్తారని తెలుసు, అయినా రాస్తున్నాను.

8. ఇప్పుడు నా ఫోటో సంగతి.

తొందర మా పెళ్లిలో అందరినీ తీసింది. వంటవాళ్లను తీసింది, నిద్రపోతున్న చుట్టాలను తీసింది, మా ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే తీసింది. నేను లేను. నాన్న పోయిన రోజు ఇంట్లో అందరూ ఉన్నారు, దాని ఫోటోల్లో నేను లేను. రొట్టెల కొట్టావిడ, గుమాస్తా, పాలవాడు ఉన్నారు, వాడి గేదె కూడా ఉంది. నన్ను కావాలనే వదిలేసిందనుకున్నాను. నేను రూళ్ల మనిషిని, దాని కంటికి ఆననని అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. అడిగితే నాకు దాని ఫోటోలు నచ్చుతాయని ఒప్పుకున్నట్టవుతుంది.

పోయిన వారం ఈ ఏడుపు మా ఆయన దగ్గర బయటపడింది. ఆయన చేతిలో గడియారం దించకుండానే అన్నారు, "దాని తప్పు కాదే. అది నీ మీద కెమెరా ఎత్తడం నేను ఎన్నిసార్లు చూశానో. ఎత్తగానే నువ్వు గడ్డం సర్దుకుంటావు, భుజం తిప్పుతావు, వెలుతురు ఎటుందో చూసుకుంటావు. అది కాసేపు ఆగి, కెమెరా దించేసుకుని వెళ్లిపోతుంది." ఇన్నేళ్లూ ఈ మాట నాకు చెప్పనందుకు ఆయన మీద నాకు కోపం ఉంది. మొదటి అంశంలోని ఫిర్యాదుకు దీన్ని కూడా కలపాలి.

కనుక నా ఆదేశం. నేను పోయాక, ఎవరూ నా తల దువ్వకముందు, చెయ్యి తిన్నగా పెట్టకముందు, శిష్యుడు కెమెరా తీసుకుని మెట్లెక్కకముందు, తొందరను ఒక్కదాన్నే దాని కెమెరాతో నా గదిలోకి పంపి తలుపు వేయాలి. ఎంతసేపైనా ఉండనివ్వాలి. అప్పుడు నేను గడ్డం సర్దుకోను.

9. ఎనిమిదో అంశం రద్దు.

వకీలు గారు దాన్ని చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మెల్లగా అడిగారు, "అమ్మా, మరి ఆ ఫోటో మీరు చూడరు కదా?" అని. నిజమే. మా ఆయన చూస్తారు. శిష్యుడు చూస్తాడు. ఫ్రేములాయన దానికి నగిషీ చట్రం కడుతూ తీరిగ్గా చూస్తాడు. గుమాస్తా, వాళ్లావిడ వచ్చి "అచ్చం ఇలాగే ఉండేదండీ" అంటారు. వీధి వీధంతా నన్ను చూస్తుంది, నేను తప్ప. ఇంతకాలం ఒక్కదాని మీదే అసూయపడ్డాను. ఇది చదివే మీ అందరి మీదా నాకిప్పుడు అంతకంటే ఎక్కువ అసూయగా ఉంది.

మీకు ఆ అవకాశం ఇవ్వను. రేపు పొద్దున్న నేనే దాని కొట్టుకు వెళ్తాను. "నా ఫోటో తియ్యవే" అని నోరు తెరిచి అడుగుతాను. వీలునామాలో ఇలాంటివి రాయకూడదట. రాశాను.

10. పైన పేర్కొనని ఏ వస్తువైనా మా ఆయనకే. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వకీలు గారిది. ఆయన నిజాయితీ మీద నాకు నమ్మకం ఉంది. ఆయన కార్డు మీద ఫోటో కూడా నేనే తీశాను, కొంచెం కూడా ఆయనలా ఉండదు.

ఇది నేను చదువుకుని, సమ్మతించి, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

తేదీ: 14 మార్చి 1998
సంతకం: స్టూడియో యజమానురాలు, వీధికి కొలబద్ద
సాక్షులు: ఫ్రేములు కట్టే ఆయన, రొట్టెల కొట్టావిడ

అనుబంధం

పై వీలునామాలో ఒక్క అక్షరం మార్చడం లేదు. ఒక్క సంగతి చేరుస్తున్నాను.

చెప్పినట్టే వెళ్లాను. తొందర మిషను ముందు కూర్చుని ఉంది, పెదాల మధ్య గుండుసూదులు. ఫోటో తీయమని అడిగాను. మాట్లాడ్డానికి లేదు కనుక తల ఊపింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. గడ్డం సర్దుకున్నాను. అది కుడుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా కూర్చుని లేచి వచ్చేశాను. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మనిషిని కూర్చోబెట్టి పరిహాసం చేస్తోందని ఒళ్లు మండింది, అయినా వెళ్లడం మానలేదు. గుమాస్తా అటుగా పోతూ "ఏమండీ, చొక్కా కుట్టిస్తున్నారా?" అని అడిగాడు.

నిన్న మబ్బు పట్టింది. తొందర దీపం వెలిగించుకుని నల్ల గుడ్డ మీద నల్ల దారంతో పని పెట్టుకుంది. దీపం కుడి పక్కన ఉంది. దాని చేతి నీడే సూది మీద పడుతోంది, అది కళ్లు చికిలించుకుని గుడ్డ మీదికి వంగిపోతోంది. నాకు ఆగలేదు. "వెలుతురు ఎడమ నుంచి రావాలని నీకెన్నిసార్లు చెప్పాలే, కళ్లు పోగొట్టుకుంటావా!" అని అరుస్తూ లేచి దీపం లాగాను. మేకుకున్న కెమెరా దాని చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. టక్కుమని శబ్దం మాత్రం విన్నాను.

సాయంత్రం నా చీకటి గదిలోనే కడిగింది. ట్రేలో మెల్లగా పైకి తేలింది నా మొహం. నుదురు సగం దాకా తెగిపోయింది. నోరు తెరిచి ఉంది. దీపం పట్టుకున్న చెయ్యి మొహం కంటే పెద్దదై అలుక్కుపోయింది. మిషను బల్ల ఏటవాలుగా జారిపోతోంది. మూలన తెల్లచార ఉండనే ఉంది. అందులో నేను కెమెరా వైపు చూడటం లేదు, తొందర కళ్ల వైపు చూస్తున్నాను. నాకు దాని మీద అసూయ తప్ప ఇంకేమీ మిగల్లేదనుకున్నాను. ఎర్ర బల్బు కింద భూతద్దం పెట్టి వెతికాను. ఆ మొహంలో అసూయ ఎక్కడా లేదు.

ఇలాంటిది నేను చస్తే తీయలేను. ఆ మాట అనుకోగానే అసూయ మళ్లీ మొదలైంది.

తొందర ప్రింటు తగిలించి ఆరబెట్టనైనా లేదు, రెండు గాజు పలకల మధ్య పెట్టుకుని పట్టుకుపోయింది. "ఆరాక ఇస్తాలే అక్కా" అంది. తీసినవాళ్లు ఇచ్చేదాకా ఫోటో వాళ్లదే, మా ఇంట్లో నాన్న కాలం నుంచి ఇదే రూలు. ఉన్నదంతా పంచేశాక నాకు కావాలనిపించిన వస్తువు అదొక్కటే. అది నా పేరు మీద లేదు, ఎవరికీ రాసివ్వలేను. నా చెల్లెలు పేరుకే తొందర. కుట్టడానికిచ్చిన బట్టలే నెలల తరబడి తిప్పుతుంది.

కనుక వకీలు గారికి, డాక్టరు గారికి, సంబంధించిన అందరికీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఆ ప్రింటు నా చేతికి వచ్చేవరకు ఈ వీలునామా అమల్లోకి రావడానికి నేను ఒప్పుకోను.

తేదీ: 2 ఏప్రిల్ 1998
సంతకం: కొలబద్ద
సాక్షులు: ఫ్రేములు కట్టే ఆయన, రొట్టెల కొట్టావిడ